ఎడమ పక్కన బేస్ పెట్టె

అందరూ డాన్ ఫోర్తు, అంటే ఫోర్తు గారు, అని పిలిచే ఫోర్తునాతో చుకిమియా ఇరవయ్యారేళ్ళపాటు ప్రతి వారం బేస్ గిటారు చేత్తో పట్టుకున్నాడు, కానీ ఒక్క పాట కూడా వాయించలేదు. ఆయన వాయించేవి మూడే మూడు స్వరాలు. అన్నిటికంటే లావు తీగ మీద ఒకటి, దాని పక్క తీగ మీద ఒకటి, మళ్ళీ లావు తీగ మీదే కాస్త పైన ఇంకొకటి. ఆ మూడూ స్పీకరు పెట్టెలోంచి ఎలా వస్తున్నాయో విని, ఒక మర అటో ఇటో తిప్పి, గిటారు సిరిలో అనే వాద్యగాడి చేతికిచ్చి వేదిక దిగిపోయేవాడు. ఆ తర్వాత పాటలన్నీ సిరిలోవి, చప్పట్లన్నీ ముందు నిలబడి పాడేవాళ్ళవి. లా పాజ్ నగరం దగ్గరి వియాచా ఊళ్ళో ఎవరైనా అడిగితే "నేను బ్యాండులో ఉన్నాను" అని చెప్పుకునేవాడు గానీ, బ్యాండు తీయించుకున్న ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. ఒకదాంట్లో మాత్రం మోచెయ్యి పడింది.

బ్యాండు పేరు లాస్ పుంతువాలెస్, అంటే టంచనుగా వచ్చేవాళ్ళు. ఆ పేరు పెట్టుకోవడానికి కూర్చున్న రోజునే ఇద్దరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారట, అయినా పేరు మార్చుకోలేదు. పండగలకూ పెళ్ళిళ్ళకూ కుంబియా డాన్సు పాటలు వాయిస్తూ తిరిగే ఆ పదిమందిలో నిజంగా టైముకి వచ్చే మనిషి ఒక్కడే. పోస్టరు మీద మాత్రం తొమ్మిది పేర్లే ఉంటాయి. ఆ తొమ్మిది మందీ జుట్టుకి నూనె రాసుకుని పదింటికి దిగేసరికి, వ్యాను మొదటి ట్రిప్పులో వచ్చి ఆరింటి నుంచీ చలిలో వేళ్ళు ఊదుకుంటూ డాన్ ఫోర్తు పెట్టె సర్దుతూ ఉండేవాడు.

పెట్టె అంటే అల్లాటప్పా పెట్టె కాదు. ఛాతీ ఎత్తుంటుంది. లోపల పదిహేను అంగుళాల స్పీకర్లు రెండు. పైన వాల్వులతో నడిచే పాత ఆంప్లిఫయర్. దాన్ని రంగుల నేత దుప్పట్లో, ఇక్కడి తల్లులు చంటిపిల్లల్ని వీపున కట్టుకున్నట్టు, తన వీపుకే కట్టుకుని వ్యాను నుంచి వేదిక దాకా తెచ్చేవాడు. ఇంత ఎత్తు నేలమీద గాలి పలచన, ఆంప్లిఫయర్ వేడి ఊరికే దిగదు. అందుకని పాడైపోయిన కంప్యూటర్ల నుంచి పీకిన ఫ్యాన్లు రెండు దాని వెనక బిగించాడు. పెట్టె చెక్క మంచి దేవదారు. అది ఇలారియా బీరువా చెక్క.

ఇలారియా ఆయనతో నాలుగేళ్ళు కాపురం చేసింది. శని ఆదివారాలు ఆయన ఏ ఊరి పండగలోనో ఉండేవాడు, మిగతా రోజుల్లో రేడియోలు బాగుచేసే కొట్టు కట్టేసి వచ్చి పెట్టె విప్పుకుని కూర్చునేవాడు. ఒకనాడు ఆమె సూపు గిన్నె ఆయన ముందు పెట్టి, "ఇంతకీ ఈ ఇంట్లో ఎవరు ఎవరితో కాపురం చేస్తున్నారో చెప్పు" అంది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "స్పీకరు అట్ట చిరిగింది, ఈ ఒక్కటీ అతికించేసి..." అన్నాడు. ఆ ఆదివారం పండగ నుంచి తిరిగొచ్చేసరికి ఆమె లేదు. బట్టలు మూటగట్టి తీసుకెళ్ళింది. బీరువా లారీలో పట్టలేదేమో, వదిలేసింది. ఖాళీ బీరువా తలుపు గాలికి కిర్రు కిర్రుమంటుంటే నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు రంపం తీశాడు. కోపంతో కోశాడో, దిగులుతో కోశాడో ఆయనకే తెలియదు. పాత ప్లైవుడ్ పెట్టె ఎలాగూ ఉబ్బిపోయింది, కొత్తదానికి మంచి చెక్క దొరికింది, అంతేనని అందరికీ చెప్పాడు. పెట్టె పక్క చెక్కకి బీరువా తాళంకన్నం ఇప్పటికీ ఉంది. గాలి దూరి ఈల వేయకుండా దాన్ని కొవ్వొత్తి మైనంతో పూడ్చాడు.

ఇక ఆయనకు మిగిలిన మనిషి సిరిలో తికోనా. పాతవాడు మానేస్తే ఇరవై రెండేళ్ళ కిందట బ్యాండులో చేరాడు. వారమంతా మినీబస్సు నడిపి, శని ఆదివారాలు బేస్ వాయించేవాడు. ఆయనకంటే పన్నెండేళ్ళు చిన్న. సిరిలో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు డాన్ ఫోర్తే జ్ఞానతండ్రిగా పిల్లని ఎత్తుకున్నాడు, అప్పటినుంచీ అన్న అయిపోయాడు. పాట మంచి ఊపు మీద ఉన్నప్పుడు సిరిలోకి ఒక అలవాటు ఉండేది. రెండడుగులు వెనక్కి వేసి పెట్టె ముందు నిలబడేవాడు. పెట్టె అడుగున ఉన్న కన్నంలోంచి ప్రతి దెబ్బకీ గాలి వచ్చి ప్యాంటుకి తగిలేది. "అన్నా, ఇవాళ నీ పెట్టె నా పిక్కలు నిమిరిందే!" అని ఒకసారి అన్నాడు. ఆ మాట అన్నట్టు సిరిలోకి మర్నాటికే గుర్తు లేదు. డాన్ ఫోర్తు మాత్రం దాన్ని పదేళ్ళుగా దాచుకుని, ఒంటరిగా సూపు తాగే సాయంత్రాలు తీసి చూసుకునేవాడు.

అలా గడిచిపోతుండగా, ఆగస్టులో ఒక గురువారం బ్యాండు పెద్ద రోసెందో కల్యిసాయా రేడియో కొట్టుకి వచ్చాడు. బ్యాండు ఆయనదే, ముందు నిలబడి పాడేదీ ఆయనే.

"డాన్ ఫోర్తు, మీరేం అనుకోకూడదు" అని మొదలుపెట్టాడు.

అలా మొదలుపెట్టారంటే అనుకోవాల్సింది గట్టిదే ఉందన్నమాట. డాన్ ఫోర్తు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"మా అల్లుడు గ్రోవర్ లా పాజ్ నుంచి చిన్న డబ్బా ఒకటి తెచ్చాడండీ. సబ్బుపెట్టె అంత ఉంది. బేస్ గిటారు దానికి తగిలిస్తే తిన్నగా జనం వైపు పెద్ద స్పీకర్లలోకే వెళ్ళిపోతుందిట. వెనక పెట్టె అక్కర్లేదంటాడు."

"మరి సిరిలోకి ఎలా వినబడుతుంది?"

"చెవిలో పెట్టుకునేది ఏదో ఉందిలెండి. సన్నగా పెట్టుకుంటే చాలట."

"సిరిలో ఏమన్నాడు?"

రోసెందో బల్లమీద విప్పి ఉన్న రేడియో వైపు చూశాడు. "సిరిలో సంగతి మీకు తెలీనిదా? ఎవరేం చెప్పినా తలూపుతాడు. ఇదిగో, విలాపంపా పండగలో రెండూ చూద్దాం. పొద్దున విడత మీ పెట్టెతో, భోజనాలయ్యాక విడత డబ్బాతో. ఏది బాగుంటే ఇకమీదట అదే. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఇద్దరు మనుషుల చోటు తింటోందండీ మీ పెట్టె."

రోసెందో వెళ్ళాక ఆయన చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాడు. డబ్బాకి ఎత్తే మనిషి అక్కర్లేదు, సర్దే మనిషి అక్కర్లేదు. సిరిలో జేబులో వేసుకుని పోతాడు. పెట్టె వ్యాను ఎక్కకపోతే తను ఏమని చెప్పి ఎక్కాలి? శనివారం తెల్లవారకుండానే లేచి ఎక్కడికి పోవాలి? అరవై ఒక్క ఏళ్ళ మనిషికి ఆ ప్రశ్న కొత్తగా వచ్చి కూర్చుంది.

విలాపంపాలో ఆ శనివారం ఎప్పటికంటే గంట ముందే పని మొదలుపెట్టాడు. చర్చి ముందర మైదానంలో పలకలతో వేదిక కట్టారు. పలకల మీద పెట్టె పెడితే పలకలే మోగుతాయి, తీగ పలకదు. అందుకని వెనకవైపు మూడు పలకలు తీయించి, నేలమీద నాలుగు పచ్చి ఇటుకలు పేర్చి, పెట్టెను వాటిమీద నిలబెట్టాడు. వెనక మట్టిగోడకి మరీ ఆనిస్తే ఉబ్బిన కడుపులా మోగుతుంది, మరీ ముందుకి జరిపితే గొంతు సన్నబడుతుంది. రెండు జానల ఎడం ఉంచాడు. సిరిలోకి కుడి పక్కన ఎప్పుడూ డ్రమ్ములుంటాయి, కాబట్టి పెట్టె ఎప్పుడూ ఎడమ పక్కన. అది ఇరవై రెండేళ్ళ కట్టుబాటు. కళ్ళు మూసుకుని కూడా అక్కడే పెట్టగలడు.

తర్వాత కరెంటు. జనరేటరు ఒక పూట ఎక్కువ ఇస్తుంది, ఒక పూట తక్కువ ఇస్తుంది. మీటరు పెట్టి చూసి, బల్బు వెలిగించి చూసి, అప్పుడు గానీ ఆంప్లిఫయర్ ప్లగ్గు పెట్టలేదు. ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎర్త్ కడ్డీ. మోకాలెత్తు ఇనప కడ్డీ. దాన్ని వేదిక వెనక నేలలోకి దిగ్గొట్టి, ఆంప్లిఫయర్ నుంచి వైరు తెచ్చి దానికి బిగించాడు. ఆగస్టులో ఈ నేల ఎముకలా ఎండిపోయి ఉంటుంది. ఎండిన నేలలో కడ్డీ ఉన్నా లేనట్టే, స్పీకర్లలో గూఁ అని ఒకటే రొద. అందుకని ఇంటి దగ్గరే డబ్బాలో ఉప్పునీళ్ళు కలిపి తెచ్చుకుని కడ్డీ మొదట్లో పోసేవాడు. ప్రతి విడతకీ ముందు ఒక డబ్బా. ఎండా గాలీ కలిసి రెండు గంటల్లో పీల్చేస్తాయి మరి. ఆ రోజు రెండు డబ్బాలు కాకుండా ఒకటే తెచ్చాడు. రెండో విడత తనది కాదు కదా.

ఈ సంగతి బ్యాండులో ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళంతా భూమితల్లికి పోస్తున్నాడనుకునేవారు. ఇక్కడ ఎవరు ఏం తాగినా మొదటి చుక్కలు ఆమెవే. అందులోనూ ఆగస్టు నెలంతా ఆమె నోరు తెరుచుకుని ఆకలి మీద ఉంటుంది, పిసినారి కూడా ఆ నెలలో చెయ్యి జారవిడుస్తాడు. డాన్ ఫోర్తు కూడా ఒక పక్క ఆమెకని, ఒక పక్క కడ్డీకని పోసేవాడు. రెండూ వేరని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

పదిన్నరకి వ్యాను వచ్చింది. గ్రోవర్ దిగాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, నల్ల కళ్ళజోడు, చేతిలో డబ్బా. చూస్తే నిజంగానే సబ్బుపెట్టె అంతే ఉంది.

"మాస్టారూ, ఇంత పొద్దున్నే వచ్చేశారా? ఇది సర్దడానికి ఎంతసేపు పట్టిందేంటి?" అన్నాడు పెట్టె చుట్టూ తిరుగుతూ.

"నాలుగు గంటలు."

"నాది నాలుగు నిమిషాలు" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. నవ్వాక భుజం మీద చెయ్యి వేసి, "కానీ పెట్టె చెక్క మాత్రం అదిరిందండీ, ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. డాన్ ఫోర్తు "ఇంట్లోనే" అన్నాడు.

సిరిలో వచ్చి, "బాగున్నావా అన్నా" అని గిటారు తీసుకున్నాడు. కళ్ళలోకి చూడలేదు. మొహమాటపడుతున్నాడు పాపం అనుకున్నాడు డాన్ ఫోర్తు.

పొద్దున విడత ఎలా జరిగిందో ఆ ఊరివాళ్ళని అడగాలి. సిరిలో మొదటి దెబ్బ కొట్టగానే ఆ మోత నేలమీదుగా పాకి జనం చెప్పుల్లోంచి పైకెక్కింది. ఆడవాళ్ళ గుండ్రటి టోపీలు ఒకే వరసలో ఊగాయి, పావడాల అంచులు ఒకేసారి లేచాయి. వేదిక పక్కన బీరు పెట్టెలు పేర్చుకుని అమ్ముతున్న దోన్యా బాసిలియా సీసాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "డాన్ ఫోర్తూ, నీ పెట్టె నా సీసాల చేత కూడా డాన్సు చేయిస్తోందయ్యా, పగిలితే నీదే పూచీ!" అని అరిచింది. ఆయన నవ్వాడు. గోడ పక్కన నిలబడి అరికాళ్ళతో వింటున్నాడు. ఇంతకంటే బాగా ఏ రోజూ మోగలేదని ఆయనకు తెలుసు. డబ్బా ఇంకేం గెలుస్తుందిలే అని కూడా అనుకున్నాడు. ఒక్కటే లోటు. సిరిలో ఒక్కసారి కూడా రెండడుగులు వెనక్కి వేయలేదు. వేదిక ముందు అంచున, పెట్టెకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో నిలబడి వాయించాడు.

మధ్యాహ్నం మైదానంలో దుప్పట్లు పరిచారు. ఊరందరూ ఇళ్ళనుంచి తెచ్చిన ఉడికిన దుంపలూ, నల్లటి ఎండుదుంపలూ, బీన్సూ, జున్నూ, వేయించిన మాంసం అన్నీ ఒకేచోట గుమ్మరించుకుని చుట్టూ కూర్చుని తింటారు. బ్యాండువాళ్ళు తొమ్మిది మందీ ఒక దుప్పటి చుట్టూ కూర్చున్నారు. గ్రోవర్ పదోవాడు. "డాన్ ఫోర్తు, రండి!" అని రోసెందో ఒక్క కేక వేశాడు గానీ, అప్పటికే చోటు సర్దుకుని కూర్చున్నారు, ఎవరూ జరగలేదు. పెట్టె దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఆయనే అన్నాడు. ఇరవయ్యారేళ్ళుగా అదే మాట. పెట్టెను ఎవరూ ఎత్తుకుపోరని ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. పండగ చేయిస్తున్న ఇంటావిడ ఆకులో నాలుగు దుంపలూ, కాగితం పొట్లంలో ఉప్పూ, ఒక బీరు సీసా తెచ్చి ఇచ్చి వెళ్ళింది. పెట్టెకి వీపు ఆనించి ఒక్కడే తిన్నాడు. చెక్క ఇంకా గోరువెచ్చగా ఉంది. మైదానం నిండా ఇంతమంది ఉండగా ఒక చెక్కపెట్టె వెచ్చదనం కోసం కూర్చున్నానేంటా అని ఆయనకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. సీసా మూత తీశాడు కానీ తాగాలనిపించలేదు.

రెండో విడతకి గ్రోవర్ ఆంప్లిఫయర్ ప్లగ్గు తీసేసి, ఆ కరెంటు లైనుకే, ఆ కడ్డీ వైరుకే తన డబ్బా తగిలించాడు. నాలుగు నిమిషాలన్నాడు, మూడే పట్టింది. సిరిలో కుడి చెవిలో బుడిపె పెట్టుకున్నాడు. రోసెందో మైకు ముందుకొచ్చి, "విలాపంపా! మళ్ళీ టంచనుగా వచ్చేశాం!" అన్నాడు. అప్పుడు మొదలైంది.

గూఁ...

పెద్ద స్పీకర్లన్నిట్లోంచీ ఒకటే రొద. సిరిలో తీగ మీద చెయ్యి వేస్తే రొద, తీస్తే ఇంకా పెద్ద రొద. గ్రోవర్ పరిగెత్తి ఒక వైరు మార్చాడు. తగ్గలేదు. ఇంకో మర తిప్పాడు. తగ్గలేదు. డాన్ ఫోర్తుకి మొదటి క్షణంలోనే తెలిసిపోయింది. నేల ఎండిపోయింది. కడ్డీ వట్టి మేకు అయిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆయనకు సంతోషమే వేసింది. కడుపులోంచి వెచ్చగా పైకొచ్చిన సంతోషం. నాలుగు నిమిషాలన్నావుగా, ఏడ్చుకో ఇప్పుడు అనుకున్నాడు. వెంటనే సిగ్గేసింది, అయినా సంతోషం పోలేదు.

"ఏంటయ్యా, లారీ స్టార్టు చేస్తున్నారా?" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"మా ఎద్దు ఇంతకంటే బాగా పాడుతుంది, తోలుకు రమ్మంటారా!" అంది ఒకావిడ. మైదానమంతా గొల్లున నవ్వింది.

రోసెందో మొహం కందగడ్డ అయింది. మైకు మూసి, అల్లుడి వైపు పళ్ళు కొరికి, "రెండు నిమిషాలు. ఆగకపోతే దీన్ని పీకి జేబులో పెట్టుకో" అన్నాడు. తర్వాత వేదిక వెనక్కి వంగి, "డాన్ ఫోర్తూ! పెట్టె సిద్ధంగా ఉంచండి. నాకు ముందే తెలుసు, మీ పెట్టెకి సాటి లేదు!" అన్నాడు.

రెండు నిమిషాలు. ఏమీ చేయక్కర్లేదు. చేతులు కట్టుకుని నిలబడితే చాలు, వచ్చే శనివారమూ, ఆ పై శనివారమూ, ఓపిక ఉన్నన్ని శనివారాలూ ఆయనవే.

అప్పుడు సిరిలో వైపు చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. సిరిలో వేదిక మధ్యలో, అన్ని కళ్ళ ముందూ, గిటారు మెడలో వేలాడుతూ నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిని చెంపకీ చెవికీ అదిమి పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ తగిలిన పిల్లాడి మొహంలా ఉంది. ఇరవై రెండేళ్ళలో డాన్ ఫోర్తు ఆ మొహాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నలుగురిలో నవ్వులపాలవుతున్నాడు, నా కళ్ళ ముందే, నాకు మందు తెలిసి కూడా అనుకున్నాడు. అంతే, ఇంక నిలబడలేకపోయాడు.

ఉప్పునీళ్ళ డబ్బా ఖాళీ. చేతిలో ఉన్నది బీరు సీసా. కాగితం పొట్లంలో ఉన్న ఉప్పంతా సీసా మూతిలోకి వంచి, బొటనవేలు అడ్డం పెట్టి ఒక్క ఊపు ఊపి, వేదిక వెనక్కి నడిచి కడ్డీ మొదట్లో కుమ్మరించాడు. నురగ తేలి, నేల గుటక వేసినట్టు పీల్చేసింది. ఆఖరి చుక్క దాకా వంచాడు.

"అయ్యయ్యో, సీసా మొత్తం పోసేశావేంటి డాన్ ఫోర్తూ!" అంది దోన్యా బాసిలియా. "ఆమెకి నాలుగు చుక్కలు చాలయ్యా, మిగతాది మనం తాగాలి!"

"ఆగస్టు కదమ్మా" అన్నాడు. "దాహం మీద ఉంది."

పైన గ్రోవర్ సరిగ్గా అప్పుడే మూడో వైరు మార్చి బిగించాడు. రొద కోసేసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సిరిలో తీగ మీద వేలు వేశాడు. శుభ్రంగా, గుండ్రంగా వచ్చింది స్వరం.

"దొరికింది! ఈ వైరే దరిద్రపుది!" అని గ్రోవర్ పాత వైరు గాల్లోకి ఎత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. రోసెందో అల్లుణ్ణి కావలించుకున్నాడు. పాట అందుకుంది. టోపీలు మళ్ళీ ఊగాయి, పావడాలు మళ్ళీ లేచాయి. పొద్దుటి మోతకీ ఈ మోతకీ తేడా ఆయన అరికాళ్ళకి స్పష్టంగా తెలిసింది. ఇంకెవరి అరికాళ్ళకైనా తెలిసిందేమోనని మైదానమంతా వెతికాడు. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. పెట్టె తన మూల తను నిలబడి ఉంది, నోరు మూసుకుని.

విడత అయ్యాక రోసెందో వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరేం అనుకోకూడదు డాన్ ఫోర్తు" అన్నాడు మళ్ళీ. "డబ్బాతోనే పోదాం ఇకమీదట. మీరు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి, అతిథిలా కూర్చోండి. ఇంక బరువులు మొయ్యడం ఎందుకు మీకు?" మంచి మాటే. వ్యానులో చోటుంటుందా అని ఆయన అడగలేదు, ఉంటుందని రోసెందో చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా డాన్ ఫోర్తు వేదిక వెనక కడ్డీ దగ్గర గొంతుక్కూర్చుని వైరు విప్పుతున్నాడు. సిరిలో వచ్చి పక్కన కుడివైపు కూర్చున్నాడు. నేల మీద చెయ్యి పెట్టాడు, తీసి చూసుకున్నాడు. వేళ్ళకి బురద, ఎండిన అంచున తెల్లటి ఉప్పు పొర.

"అన్నా, ఇక్కడ తడిగా ఉందే."

"ఆగస్టు కదా. పోశాను."

"ఉప్పేసి పోశావా?"

ఆయన విప్పిన వైరు చుట్టడం మొదలుపెట్టాడు. సిరిలో కడ్డీ వైపు చూశాడు, దానినుంచి డబ్బా దాకా వెళ్ళిన వైరు వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళుగా వారం వారం కనిపిస్తున్న ఉప్పునీళ్ళ డబ్బా అతనికి ఇప్పుడు అర్థమైంది.

"అంటే వైరు కాదా? నువ్వా?"

"ఎవరైతే ఏం."

"ఊరుకుని ఉంటే నీ పెట్టే ఉండేది కదా అన్నా!"

"నీ మొహం చూశాను. అంతమందిలో నగుబాటు అవుతున్నావు. చూడలేకపోయాను."

సిరిలో తల దించుకున్నాడు. బురద వేళ్ళని ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "నగుబాటు కాదన్నా. చెవి నొప్పి. ఆ రొద చెవిలో మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. ఏడాదిన్నరైంది. బస్సులో వెనకనుంచి ఎవరైనా దించమంటే వినపడదు, తిడతారు. ఇంట్లో పాప పిలిచినా వినపడదు. డాక్టరమ్మ చూసింది. ఆ పెట్టె ముందు ఇంకో రెండేళ్ళు నిలబడితే మొత్తం పోతుంది అంది." ఆగాడు. "రోసెందోని నేనే అడిగాను. డబ్బా తెప్పించమని. నీతో చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అల్లుడి పేరు పెట్టి చెప్పమని నేనే బతిమాలాను."

డాన్ ఫోర్తు వైరు చుట్టడం ఆపేశాడు. "ఏ చెవి?" అన్నాడు.

"ఎడమది."

డాన్ ఫోర్తు తల తిప్పి పెట్టె వైపు చూశాడు. "నేనెప్పుడూ ఎడమ పక్కనే పెట్టాను" అన్నాడు.

"కుడి పక్క డ్రమ్ములు కదన్నా. ఇంకెక్కడ పెడతావు?"

"ఒక్క మాట చెప్పి ఉంటే కుడి పక్కనే పెట్టేవాణ్ణి కదరా."

"అప్పుడు డ్రమ్ములతో కలిసి కుడిది కూడా పోయేది" అన్నాడు సిరిలో. నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. డాన్ ఫోర్తుకి కూడా కాస్త నవ్వొచ్చింది. ఎవరికోసం ఇటుకలు పేర్చి, జానలు కొలిచి, ఇరవై రెండేళ్ళు పొద్దున్నే లేచాడో, ఆ మనిషి చెవిలోకే వారం వారం ఆ మోతంతా పోశాడు. పిక్కలు నిమిరిందన్న మాట గుర్తొచ్చింది. ఇంక దాన్ని తీసి చూసుకోలేడు.

చలి మొదలైంది. మైదానంలో దుప్పట్లు దులుపుతున్నారు. సిరిలో దూరంగా కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. డాన్ ఫోర్తు అతని ఎడమ పక్కన ఉన్నాడు, ఎప్పట్లాగే.

"మరి శనివారం పొద్దున్నే నేనేం చెయ్యను సిరిలో?" అన్నాడు. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి, మెల్లగా అడిగాడు.

సిరిలో కొండల వైపే చూస్తున్నాడు. కాసేపటికి ఏదో అనుమానం వచ్చినట్టు తల మొత్తం ఇటు తిప్పాడు. "ఏమైనా అన్నావా అన్నా?"

డాన్ ఫోర్తు అతని మొహంలోకి చూశాడు. ఆ మాట రెండోసారి చెప్పే శక్తి ఆయన దగ్గర లేదు.

"ఏం లేదు. కడ్డీ పట్టుకో, లాగుదాం" అన్నాడు.

ఇద్దరూ చేతులు వేశారు. నేల బాగా తడిసి ఉంది, ఇద్దరి బలం అవసరం లేకుండానే కడ్డీ ఊడొచ్చేసింది.